రవాణాలో సొట్టపడిన బీరు పాత్ర: తగ్గింపుకు ఒప్పుకోవాలా, తిప్పి పంపాలా?

ప్రశ్న (ప్లానో వాసి, టెక్సస్)

నమస్కారమండీ. ఇంట్లో బీరు తయారు చేసుకునేందుకు 35 లీటర్ల విద్యుత్ పాత్రను, 6.5 గ్యాలన్ల గాజు కార్‌బాయ్‌ని (బీరు పులియబెట్టే పెద్ద సీసా), ఒక హైడ్రోమీటరును (ద్రవం సాంద్రత చూపే తేలే గొట్టం) ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అట్టపెట్టె ఒక మూల లోపలికి నలిగిపోయి వచ్చింది. విప్పి చూస్తే స్టీలు పాత్రకు అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో అరచేతి మేర సొట్ట ఉంది. పై అంచు కూడా కాస్త కోలగా మారినందువల్ల మూత ఒక పక్క లేచి ఉంటోంది. కార్‌బాయ్ మెడ దగ్గర సన్నని గీత కనిపిస్తోంది గాని, అది పగులో, అచ్చులో వచ్చిన గీతో తేల్చుకోలేకపోతున్నాను. అమ్మినవారికి ఫొటోలు పంపితే, పనితీరుకు లోటేమీ ఉండదనీ, ఉంచుకుంటే ధరలో 15 శాతం వెనక్కి ఇస్తామనీ జవాబిచ్చారు. ఇంతవరకు దేన్నీ వాడలేదు. ఒప్పుకునే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (హాప్స్ తోట)

సొట్ట ఎంత పెద్దదని కాదండీ, ఎక్కడ పడిందని చూడాలి. గోడ మధ్యలో పడితే అది చూపుకు మాత్రమే లోపం. మీది అడుగుకు దగ్గరగా ఉంది. ఈ తరహా పాత్రల్లో వేడిచేసే ఎలిమెంటు సాధారణంగా అడుగు పలకకు కిందివైపు అతికి ఉంటుంది కాబట్టి, గోడ వంగినప్పుడు ఆ పలక కూడా లాగబడితే ఒకచోట వేడి ఎక్కువై, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) రసంలోని చక్కెర అక్కడ మాడి, ఆ మాడు వాసన బీరంతటికీ పడుతుంది. లోపల ఉక్కు స్కేలును నాలుగు వైపులా ఆనించి, పలక ఎక్కడైనా లేచిందేమో చూడండి.

అంతకన్నా ముఖ్యమైనది, మాల్టు పోసే లోపలి జల్లెడ పాత్ర. దాన్ని దించి, ఒక పూర్తి చుట్టు తిప్పుతూ, పైకీ కిందికీ కదిపి చూడండి. ఐదు కిలోల మాల్టు సుమారు ఐదు లీటర్ల నీటిని పీల్చుకుంటుంది. అంటే 70 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా కాగుతున్న పది కిలోల బరువును మీరు పైకి ఎత్తవలసి ఉంటుంది. అది సగంలో పట్టేసి, మీరు గట్టిగా లాగిన మరుక్షణం వదిలేసిందంటే, కాగిన రసం ముంజేతుల మీద పడుతుంది. ఈ ఒక్క పరీక్షలో తప్పిందంటే సగం ధర వెనక్కి ఇచ్చినా నేను ఉంచుకోను. మూత సంగతి మాత్రం పట్టించుకోనక్కరలేదు. బీరుకు చెడు వాసన తెచ్చే డైమిథైల్ సల్ఫైడ్ ఆవిరిగా పోవడానికి మనం ఎలాగూ మూత తీసే మరిగిస్తాం.

ప్లగ్గు పెట్టక ముందే మల్టీమీటరుతో ఎర్త్ పిన్నుకూ పాత్ర లోహానికీ మధ్య నిరోధం సున్నాకు దగ్గరగా ఉందని, మిగతా రెండు పిన్నులకూ లోహానికీ మధ్య సంబంధం లేదని నిర్ధారించుకోండి.

సమాధానం (గాజు మానేసినవాడు)

కార్‌బాయ్ విషయంలో బేరమే అక్కరలేదు. అచ్చు గీత నిలువుగా, నిటారుగా ఉండి, గోటికి ఉబ్బెత్తుగా తగులుతుంది. పక్క నుంచి టార్చి వేసినప్పుడు తళుక్కుమని, కోణం మార్చగానే మాయమయ్యే గీత పగులే. నిండినప్పుడు 30 కిలోలు దాటే గాజు పాత్ర అది. మెడ దగ్గర విరిగితే అరచేతి నరాలు తెగుతాయి. జిగురు వేసి వాడే ఆలోచన చేయకండి. హైడ్రోమీటరును 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర డిస్టిల్డ్ నీళ్లలో తేల్చి, 1.000 చూపిస్తోందో లేదో పరీక్షించండి (కొన్ని 68 డిగ్రీలకు అమర్చి ఉంటాయి, దాని మీదే రాసి ఉంటుంది). కుదుపులకు లోపలి కాగితం జారితే అంకె మారుతుంది. జారిన కాగితం మళ్లీ జారుతుంది.

సమాధానం (పాత రసీదు)

పైవారు చెప్పినవి మంచి పరీక్షలే గాని, పెద్ద పాత్రలో మాత్రం అమ్మినవారి నుంచి రాతపూర్వక అనుమతి వచ్చేదాకా నీళ్లు పోయకండి. వాడిన సరుకు తీసుకోబోమనడానికి వారికి అదొక సాకు అవుతుంది. పొడిగా చేయగల పరీక్షలతోనే మీ ప్రశ్న తేలుతుంది.

టెక్సస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ రెండో అధ్యాయం ప్రకారం, ఒప్పందానికి సరిపోని సరుకును కొనుగోలుదారు మొత్తంగా నిరాకరించవచ్చు, లేదా కొన్ని వస్తువులు ఉంచుకుని మిగిలినవి నిరాకరించవచ్చు. అయితే ఆ మాటను తగిన వ్యవధిలోనే తెలియజేయాలి. కొరియర్‌పై క్లెయిము సాధారణంగా పంపినవారు వేసుకోవలసినదే కనుక, ఆ పేరుతో మిమ్మల్ని తిప్పితే ఒప్పుకోకండి. తనిఖీకి రావచ్చు కాబట్టి పెట్టెను, లోపలి థర్మోకోల్‌ను పారేయవద్దు. పెట్టె ఆరు వైపులా, చిరునామా చీటీతో సహా ఫొటోలు తీసి ఉంచండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, ఆ మొత్తం కనిపించిన మొదటి స్టేట్‌మెంటు పంపిన 60 రోజులలోపు బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ఇస్తోంది. "చూద్దాం, చేద్దాం" అంటూ ఆ గడువు దాటించే అమ్మకందారులు ఉంటారు.

ప్లానో వాసి

అందరికీ ధన్యవాదాలండీ. జల్లెడ పాత్ర సగం చుట్టు తిరిగాక సొట్ట దగ్గర పట్టేస్తోంది. కార్‌బాయ్ గీత టార్చికి తళుక్కుమంటోంది. హైడ్రోమీటరు మాత్రం సరిగ్గా 1.000 చూపిస్తోంది. దాన్ని ఉంచుకుని, మిగతా రెండింటినీ నిరాకరిస్తున్నట్టు ఈమెయిలు పంపాను. వారు మారుగా కొత్తవి పంపుతామంటే ఒప్పుకోవచ్చా?

పాత రసీదు

ఒప్పుకోవచ్చు. అయితే పాతవి తీసుకువెళ్లే ఖర్చు వారిదేనని ముందే రాయించుకోండి. గాజుకు బదులు ప్లాస్టిక్ ఫెర్మెంటరు (పులియబెట్టే పాత్ర) అడగండి.