కేసు డిస్మిస్ అయింది, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారంలో ఏం రాయాలి?

జెర్సీ సిటీ కొత్తవాడు:
అన్నలూ, అక్కలూ, పేరు పెట్టడం లేదు, ఏమీ అనుకోకండి. ఎమ్మెస్ అయిపోయి న్యూజెర్సీలో ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి) మీద ఉన్నాను. పోయినేడాది ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నాను. మొత్తం 38 డాలర్లు. పోలీసులు వచ్చి వేలిముద్రలు తీసుకుని సమన్లు ఇచ్చారు. మునిసిపల్ కోర్టులో ఏడాది పాటు ఏ గొడవా లేకుండా ఉండమన్నారు. ఉన్నాను, కేసు డిస్మిస్ అయింది. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. ఫారంలో నేరం రుజువైందా అని అడుగుతున్నారు. లేదని రాయవచ్చా? ఎడిసన్ వైపు ఇల్లు కూడా వెతుక్కోవాలి. ఇంట్లో ఎవరికీ తెలియదు. నిద్ర పట్టడం లేదు.

ఓక్ ట్రీ రోడ్ బాబాయ్:
బాబూ, నేను 1998లో వచ్చాను. ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పు. 38 డాలర్ల కోసం అంత కక్కుర్తేమిటయ్యా! సరే, అయిందేదో అయింది. ఇక్కడ ఏడేళ్లు దాటితే ఏ కేసూ కనిపించదు, అది ఫెడరల్ రూలు. అప్పటిదాకా అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పు.

పిస్కాటవే అక్క:
బాబాయ్ గారూ, ఏడేళ్ల మాట సగమే నిజం. ఈ బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టులకు వర్తించే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్‌లో ఆ గడువు నేరం రుజువు కాని కేసులకే. రుజువైతే ఫెడరల్ చట్టంలో గడువే లేదు, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్నాయి. పైగా ఉద్యోగం జీతం ఏటా 75 వేల డాలర్లో, అంతకు పైనో ఉంటే ఆ ఏడేళ్ల రక్షణ కూడా ఉండదు. మన సాఫ్ట్‌వేర్ పిల్లల్లో చాలామందికి అక్కడే చేజారిపోతుంది.

తమ్ముడూ, నువ్వు డిస్మిస్ అన్నచోటే నాకు అనుమానం. ఏడాది చూసి కొట్టేశారంటే అది కండిషనల్ డిస్మిసల్ అయ్యుంటుంది. న్యూజెర్సీలో 2014 నుంచి ఉంది. అందులో చేరాలంటే ముందు గిల్టీ అని ఒప్పుకోవాలి, లేదా జడ్జి అలా తేల్చాలి. కన్విక్షన్, అంటే నేరం రుజువైందని, నమోదు చేయకుండా ఆపి, ఏడాది బాగుంటే కొట్టేస్తారు. అందుకని ఫారంలో ప్రశ్న అక్షరం అక్షరం చదువు. కన్విక్షన్ ఉందా అంటే ఒక జవాబు, ఎప్పుడైనా గిల్టీ అని ఒప్పుకున్నావా అంటే ఇంకొకటి. నేను హెచ్ఆర్‌లో పదకొండేళ్లు చేశాను. ఇలాంటి చిన్న కేసు చూసి ఆఫర్ వెనక్కి తీసుకోవడం మా దగ్గర తక్కువే. ఫారంలో ఒకటి, రిపోర్టులో ఇంకొకటి ఉన్నవాళ్లను మాత్రం కాపాడటం నా వల్ల కాలేదు. కంపెనీ వాళ్లు రిపోర్టు చూసి నిన్ను వద్దనుకుంటే, ఆ మాట ఖాయం చేసేలోపే దాని కాపీ నీకివ్వాలి. అడిగి తీసుకో.

పార్సిపనీ అన్న:
ఇంటి సంగతి నన్నడగండి. నా మీద జన్మలో ఏ కేసూ లేదు. 2019లో ఒక అపార్ట్‌మెంట్‌కి అప్లై చేస్తే లీజింగ్ ఆఫీసులో అమ్మాయి "సారీ" అంది. ఎందుకు అంటే చెప్పదు. పాత ఇంటి తాళాలు అప్పటికే ఇచ్చేశాం. మా ఆవిడకు ఏడో నెల. సామాను స్టోరేజ్‌లో, మేమిద్దరం ఇసెలిన్‌లో ఫ్రెండ్ వాళ్ల బేస్‌మెంట్‌లో. పంతొమ్మిది రోజులు! పైన వాళ్ల పిల్లలు గెంతుతుంటే కింద ఈవిడ కడుపు పట్టుకుని కూర్చునేది. మూడోసారి వెళ్లి గట్టిగా అడిగితే, అద్దెకొచ్చేవాళ్ల చరిత్ర చూసిపెట్టే స్క్రీనింగ్ కంపెనీ పేరు ఇచ్చారు. రిపోర్టు తెప్పించుకుంటే, టెక్సస్‌లో తాగి బండి నడిపిన కేసు. నా పేరే, అదే రెడ్డి, పుట్టిన సంవత్సరం కూడా ఒకటే, నెల వేరు. నేను టెక్సస్ మొహం చూడలేదు, మందు ముట్టను. రిపోర్టు తప్పని డిస్ప్యూట్ వేస్తే 30 రోజుల్లో తేల్చాలి. 24వ రోజున తప్పేనన్నారు. అప్పటికి ఆ ఇల్లు ఇంకెవరికో వెళ్లిపోయింది. అప్లికేషన్ ఫీజు కూడా రాలేదు. అప్లై చేసే ముందే నీ రిపోర్టు నువ్వు తెప్పించుకుని చూసుకో.

పిస్కాటవే అక్క:
అది పాత కాలం. 2022 జనవరి 1 నుంచి న్యూజెర్సీలో ఇల్లు ఇస్తామని షరతులతో ఆఫర్ ఇచ్చేదాకా కేసుల సంగతి అడగకూడదు. ఆ తర్వాత కూడా కన్విక్షన్ లేని అరెస్టులు, ఎక్స్‌పంజ్ అయినవి (కోర్టు రికార్డు నుంచి తీసేయించినవి) లెక్కలోకి తీసుకోకూడదు.

ఓక్ ట్రీ రోడ్ బాబాయ్:
అమ్మా, నాది టూ ఫ్యామిలీ ఇల్లు. కింద మేముంటాం, పైవాటా అద్దెకిస్తాం. నా ఇంట్లోకి ఎవరొస్తున్నారో నేను అడగకూడదా?

పిస్కాటవే అక్క:
ఓనరు ఉంటున్న నాలుగు వాటాలలోపు ఇళ్లకు మినహాయింపు ఉంది బాబాయ్ గారూ, మీరు అడగండి. అందరికీ అదే రూలని పిల్లవాణ్ణి బెదరగొట్టకండి.

బ్రిడ్జ్‌వాటర్ నుంచి:
ఉద్యోగం, ఇల్లు సరే, అసలు తలనొప్పి వీసా దగ్గర. ఇమిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్‌కి అర్థం వేరు. గిల్టీ అని ఒప్పుకుని, ఏ కాస్త శిక్షో ఆంక్షో పడితే, రాష్ట్రం కొట్టేసినా వాళ్లకు కన్విక్షన్‌గానే లెక్కకు రావచ్చు. డిస్మిస్ ఆర్డర్ అయిన ఆరు నెలలకు ఎక్స్‌పంజ్‌కి పెట్టుకోవచ్చు, అది ఉద్యోగానికి, ఇంటికి పనికొస్తుంది, కాన్సులేట్‌లో కాదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు కూడా అడుగుతారు. బేడీలు వేయలేదు కాబట్టి అరెస్టు కాదని ఎవరైనా అంటే వినకు. మొదటి చిన్న కేసుకు పెటీ అఫెన్స్ మినహాయింపు ఉంది, అది నీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ లాయరే చెప్పాలి. అప్పటిదాకా ఇండియా టికెట్ కొనకు, తిరిగి రావడానికి వీసా దగ్గర ఆగిపోవచ్చు.

జెర్సీ సిటీ కొత్తవాడు:
అక్కా, కోర్టుకెళ్లి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకున్నాను. మీరన్నట్టే గిల్టీ ప్లీ అని ఉంది. ఆ రోజు జడ్జి ఏదడిగినా యెస్ అన్నాను, త్వరగా బయటపడితే చాలనిపించింది. ఫారంలో అడిగింది కన్విక్షన్ మాత్రమే, అయినా లాయరుకు చూపించాకే నింపుతాను. గురువారం అపాయింట్‌మెంట్. డిసెంబరులో చెల్లి పెళ్లి. వెళ్లలేనేమో.

ఓక్ ట్రీ రోడ్ బాబాయ్:
మా పైవాటా ఆగస్టులో ఖాళీ అవుతుంది. ముందు నాన్నగారికి చెయ్యి, తర్వాత నాకు.