తిలాపియా సీడ్: హార్మోన్ మేతా, వైవై మగచేపా?

చెరువు రైతు:
మోనోసెక్స్, అంటే అన్నీ మగవే అన్నారని రెండెకరాల చెరువులో తిలాపియా సీడ్ వేశాను. నాలుగో నెలలో వల లాగితే వేలెడంత పిల్లలు గుంపులుగా వచ్చాయి. మగవాటిలో ఆడవి కలిశాయని అప్పుడు తెలిసింది. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, ఆ రోజుల్లో సరిగ్గా మేత తినదు, ఎదగదు. పుట్టిన పిల్లలేమో నా మేత తినేస్తున్నాయి. హార్మోన్ మేతను వదిలేసి, పుట్టుకతోనే మగపిల్లనిచ్చే వైవై పద్ధతికి మారాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

హేచరీ టెక్నీషియన్:
తప్పు పద్ధతిది కాదండీ, చేసిన తీరుది. కిలో మేతకు 60 మిల్లీగ్రాముల మిథైల్ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కలిపి, పిల్ల మేత అందుకున్న మొదటి రోజు నుంచి 21–28 రోజులు పెట్టాలి. బీజకోశం ఆడా మగా అని తేలేది ఆ రోజుల్లోనే. వయసు ముదిరిన పిల్లలు అదే హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టెలో) కలిస్తే వాటిపై మందు పనిచేయదు. శ్రద్ధగా చేస్తే 95 శాతం పైగా మగవే వస్తాయి. మేత ఆపిన కొద్ది రోజులకే మందు ఒంట్లోంచి పోతుంది. పట్టుబడి నెలల తర్వాత కాబట్టి తినేవారికి టెన్షన్ అక్కర్లేదు.

జన్యుశాస్త్ర విద్యార్థిని:
తినేవారి సంగతి సరే, చేతొడుగులు కూడా లేకుండా ఆ మందు కలిపే కూలీల మాటేమిటండీ? నాకు అదే బాధ.

వైవైలో, లింగాన్ని తేల్చే ఎక్స్, వై క్రోమోజోములున్న మగ ఎక్స్‌వై పిల్లలకు ఈస్ట్రోజెన్ ఇచ్చి గుడ్లు పెట్టే ఆడవిగా మారుస్తారు. వాటిని మామూలు మగవాటితో కలిపితే నాలుగింట ఒకటి వైవై అవుతుంది. ఆ వైవై మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఎక్స్, తండ్రి నుంచి వై. చెరువులోకి వచ్చే పిల్ల హార్మోన్ రుచే చూడదు. స్వాన్సీ విశ్వవిద్యాలయం వారు దీన్ని ఫిలిప్పీన్స్‌లో రైతుల దాకా తీసుకెళ్లారు.

హేచరీ టెక్నీషియన్:
లెక్క బాగుందమ్మా, చేప ఆ లెక్కకు పూర్తిగా లొంగదు. తొలి రోజుల్లో నీటి వేడి 36 డిగ్రీలు దాటితే ఎక్స్‌ఎక్స్ పిల్లలు, అంటే ఆడవి కావాల్సినవి కూడా, కొన్ని వంశాల్లో చాలావరకు మగవవుతాయి. నైలు తిలాపియాలోనే కొన్ని వంశాల్లో లింగాన్ని తేల్చే చోటు 23వ క్రోమోజోమ్ మీద ఉంటే, కొన్నిట్లో 1వ దాని మీద ఉంది. నీలి తిలాపియాలో అసలు పద్ధతే వేరు, అక్కడ రెండు రకాల లింగ క్రోమోజోములుండేది ఆడదానికే, అది జడ్‌డబ్ల్యూ. 1952లో మన దేశానికొచ్చిన మొజాంబిక్ తిలాపియా ఇప్పుడు కాలువల్లో ఎక్కడ చూసినా ఉంది. తల్లిచేపల్లో అది కలిసిందంటే మీ వైవై లెక్క తప్పినట్టే. పైగా ఏ మగది వైవైయో తెలియాలంటే దాని పిల్లల్ని పెంచి చూడాలి. చిన్న హేచరీ అన్నాళ్లు ఆగగలదా?

జన్యుశాస్త్ర విద్యార్థిని:
వై మీద ఉండే ఏఎంహెచ్‌వై జన్యువే మగదాన్ని చేస్తుందని చైనా శాస్త్రవేత్తలు 2015లో చూపారు. ఆ గుర్తు పనిచేసే వంశాల్లో రెక్క ముక్క తీసి చేసే జన్యు పరీక్షతో ఎంపిక చాలా త్వరగా అయిపోతుంది. అయితే వంశం స్వచ్ఛంగా ఉండాలన్న మీ మాట ఒప్పుకుంటాను.

చెరువు రైతు:
ఈలోగా నాకు దారి ఏమిటండీ?

హేచరీ టెక్నీషియన్:
సీడ్ కొనేముందు కొన్ని పిల్లల్ని కోయించి, బీజకోశానికి రంగు వేసి మైక్రోస్కోపులో చూపించమనండి. ఆడవి ఎక్కువ కనిపిస్తే ఆ బ్యాచ్ తీసుకోకండి.