ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాసుకున్నా చెంపలు నల్లబడుతున్నాయి, లేబుల్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ స్కూటీ మీదే. ట్యూబు వెనక బ్యూటైల్ మిథాక్సీడైబెంజాయిల్‌మీథేన్, ఇథైల్‌హెక్సైల్ మిథాక్సీసిన్నమేట్, పర్‌ఫ్యూమ్ అని ఉన్నాయి. పీఏ గుర్తు లేదు. తేడా ఎక్కడ కొడుతోంది?

జవాబు 1: ఆ మొదటి రెండు పేర్లలోనే చిక్కుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ, యూవీబీ అని రెండు రకాలు. మొదటిది ఆవోబెంజోన్, యూవీఏను ఆపుతుంది. రెండోది ఆక్టినోక్సేట్, యూవీబీని ఆపుతుంది. ఎండలో ఈ రెండూ కలిస్తే ఆవోబెంజోన్ ఇంకా త్వరగా విరిగిపోయి పనిచేయడం మానేస్తుంది. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీది, అంటే చర్మం కందడం గురించి. నల్లబడటంలో యూవీఏ పాత్ర పెద్దది, దాని సంగతి 'పీఏ' పక్కన ఉండే ప్లస్ గుర్తులు చెబుతాయి. ఆవోబెంజోన్‌తో పాటు, దాన్ని విరగకుండా కాపాడే ఆక్టోక్రిలీన్ గానీ, బెమోట్రిజినాల్ గానీ ఉన్న ట్యూబు తీసుకోండి. బెమోట్రిజినాల్‌ను లేబుల్ మీద 'బిస్-ఇథైల్‌హెక్సిలాక్సీఫినాల్...' అని మొదలయ్యే పొడుగాటి పేరుతో వేస్తారు. జింక్ ఆక్సైడ్ అయినా మంచిదే, కాకపోతే మన రంగు మీద తెల్లగా తేలుతుంది.

జవాబు 2: ఎంత రాస్తున్నారో కూడా చెప్పండి. ల్యాబులో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూసి ఆ అంకె ఇస్తారు. శనగగింజంత తీసుకుని ముఖమంతా పులిమితే ఆ 50 మీకు దక్కదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండండి, ముఖానికీ మెడకీ అది సరిపోతుంది. హ్యాండిల్ పట్టుకునే చేతుల వెనక భాగం మరవకండి. 30 సుమారు 97 శాతం యూవీబీని ఆపితే 50 ఆపేది 98, కాబట్టి 100 అంకె కోసం డబ్బు పోయకండి. చెమటని చున్నీతో రుద్దకుండా అద్దండి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయండి. ట్యూబుని డిక్కీలో పెట్టొద్దు. ఆ వేడికి క్రీము విరిగి, మూత తీయగానే ముందు నీళ్ళలాంటి నూనె కారుతుంది. అలా కారితే పారేయడమే.

ప్రశ్న అడిగినవారు: రెండు గీతల్లో సగం కూడా రాయట్లేదు. మచ్చలు రెండు చెంపల మీదా ఒకేలా, గోధుమరంగులో ఉన్నాయి.

జవాబు 1: అయితే అది మంగు కావచ్చు. దానికి మామూలు వెలుతురు కూడా చేటే. ఐరన్ ఆక్సైడ్లు ఉన్న, రంగు కలిపిన సన్‌స్క్రీన్ చూడండి. వాసన కోసం వేసే పర్‌ఫ్యూమ్‌తో మంట పుడితే అది లేనిది తీసుకోండి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే తెల్లబరిచే క్రీము మాత్రం దయచేసి వద్దు. వెనక మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి కనబడితే అది స్టెరాయిడ్ మందు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి. ముందు చర్మం డాక్టరుకి చూపించండి, ఆ ట్యూబు కూడా పట్టుకెళ్ళండి.