సమస్య: పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఎవడో చెంప పగలగొడితే కనిపించే చుక్కలు కాదండీ, ఆకాశంలో ఉన్నదే కావాలి. టెలిస్కోపు వద్దు, ఒట్టి కళ్ళే.

సంధ్యారాగం:
ఇంటి గోడ నీడ యెండను దాచగా
శుక్రుఁ డెందు ననుచుఁ జూపు నిలుప
చంద్ర రేఖ పక్క సన్నని మెరుపుగా
పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు: గోడ చాటున నిలబడడం మంచి పని, పొరపాటున సూర్యుడి మీద చూపు పడితే కళ్ళకే ప్రమాదం. నెలవంకను గుర్తు పెట్టుకోవడం ఇంకా బాగుంది. ఉత్త నీలంలో కన్ను ఎక్కడ ఆగాలో తెలియక తడబడుతుంది, పక్కన చంద్రుడుంటే చూపు దూరానికి కుదురుకుంటుంది. ఒక్క ‘మెరుపుగా’ మాత్రం నచ్చలేదు. పగలు శుక్రుడు మెరవడు, సూదిమొనంత తెల్లగా కదలకుండా ఉంటాడు. ‘సన్నని నలుసుగా’ అంటే గణమూ చెడదు.

కొత్తకలం: శుక్రుడు గ్రహం కదా గురువుగారూ, చుక్క అనొచ్చా?

సంధ్యారాగం: వేగుచుక్క అని ఎవర్ని పిలుస్తున్నాం మరి!

కొత్తకలం: అయితే నాదీ చూడండి.
రాత్రి నడుమ లేచి రాజిల్లు శుక్రునిఁ
జూచి నిదురపోయి సుఖము నొంది
కన్ను తెరచి చూడఁ గానవచ్చెను మళ్ళి
పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు: యతులు కుదిరాయి, గణాలు నడిచాయి, కానీ తమ్ముడూ, అర్ధరాత్రి నీకు కనిపించింది శుక్రుడు కాదు. మన కక్ష్యకు లోపల తిరిగేవాడు, సూర్యుణ్ణి విడిచి 47 డిగ్రీలకు మించి పోలేడు, అందుకే పొద్దుగూకాక సుమారు మూడు గంటలు, లేదా తెల్లవారుజామున మూడు గంటలు, అంతవరకే దర్శనం. అర్ధరాత్రి నడినెత్తిన నిలబడగలవాడు గురుడు, నువ్వు చూసింది అతన్నేమో. మొదటి పాదంలో రెండు మాటలు మార్చి, మధ్య రెండూ తిరగరాశాను:
రవికి ముందె లేచి రాజిల్లు శుక్రునిఁ
జూపు మరలకుండఁ జూచి చూచి
వెలుగు హెచ్చుకొలది వెదుకఁగా వెదుకఁగా
పట్టపగలు చుక్క పలుకరించె
పగటి శుక్రుణ్ణి పట్టే దారి కూడా ఇదే, చీకట్లోనే పట్టుకుని వదలకుండా వెంబడించడం.

తుంటరిగణం: వద్దన్నారు గానీ ఆగలేకపోయాను.
తలను పైకి నెత్తి దారిఁ జూడక పోవ
స్తంభ మొకటి తగిలెఁ దలకు నాకు
శుక్రుఁ డేల యింకఁ? జూడుఁడీ నుదుటిపై
పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు: ‘తలకు నాకు’లో ‘నాకు’ గణం నింపడానికి వేసిన పూడిక. బొప్పి మాత్రం నిజమనే నమ్ముతున్నాను.

కొత్తకలం: గురువుగారూ, చూపు మరలకుండా చూస్తే మళ్ళీ వెదకడం ఎందుకు?

నిర్వాహకుడు: రెప్ప వేశానయ్యా. మళ్ళీ దొరికేసరికి పావుగంట పట్టింది.