దారం పట్టుకుని దిగిన చీమ: ఇదేంటో చెప్పగలరా?

తోటపిచ్చి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మొక్కలు పెంచుతాను గానీ పురుగుల గురించి నాకు తెలిసింది దాదాపు సున్నా. నిన్న పొద్దున మందార కుండీకి నీళ్ళు పోస్తుంటే ఆకు మీద ఒక ఎర్రచీమ కనిపించింది. కుడుతుందేమోనని ఆకును వేలితో టప్పున కొట్టాను. చీమైతే కింద పడాలి, లేదా నా చేతి మీదికి ఎక్కాలి. ఇది రెండూ చేయలేదు. ఆకు అంచు నుంచి జానెడు కిందికి జారి గాల్లో ఆగిపోయింది! వంగి చూస్తే దాని వెనక సన్నటి దారం. ఎండ పడ్డప్పుడు మెరుస్తోంది, లేకపోతే కనిపించడం లేదు. కాసేపు అలాగే వేలాడి, మళ్ళీ ఆ దారం మీదుగానే పైకి ఎక్కేసింది.

మూడు ఫోటోలు పెట్టాను. మొదటిది మసకగా వచ్చింది, తిట్టకండి, ఒక చేతిలో మగ్గు ఉంది. మూడోది ఇవాళ తీశాను. అదే మొక్క మీద అలాంటిదే ఇంకోటి, నోట్లో చచ్చిన చీమను కరుచుకుని పోతోంది. ఫోటో చూసి పేరు చెప్పే యాప్ ఒకటుంది నా ఫోన్‌లో. మొదటి రెంటినీ చీమ అంది, మూడోదాన్ని కందిరీగ అంది. ఇంతకీ చీమకు దారం ఎక్కడిది? ప్రమాదమా? మందు కొట్టాలా?

గండుచీమ

చీమే అండీ. ఆకులు దగ్గరికి లాగి గూడు కట్టే ఎర్రచీమలు ఉంటాయి, వాటి గూళ్ళలో పట్టుదారం ఉంటుంది. ఆ దారమే అయ్యుంటుంది. దగ్గర్లో గూడు ఉందేమో చూసుకోండి. కుడితే మంట, అంతే.

లెన్సుకళ్ళు

గండుచీమగారూ, గూళ్ళలో పట్టు ఉంటుందన్న మాట నిజమే. కానీ ఆ పట్టు పెద్ద చీమలది కాదు, పిల్లలది. పెద్ద చీమ ఒక లార్వాను నోట కరుచుకుని ఈ ఆకు అంచుకూ ఆ ఆకు అంచుకూ తాకిస్తూ పోతుంది, నేతగాడి చేతిలో నాడె ఆడినట్టు. దారం లార్వా నోట్లోంచి వస్తుంది. పెద్ద చీమ తనంతట తాను దారం వదిలి వేలాడలేదు. ఇంకో మాట, అవి కుట్టవు. కరిచి, ఆ గాయం మీద ఫార్మిక్ ఆమ్లం చల్లుతాయి. మంట అందుకే.

తోటపిచ్చిగారూ, మీరు చూసింది చీమ వేషం వేసిన సాలీడు. గెంతే సాలీళ్ళ కుటుంబంలోది. మిర్మరాక్నే అనే ప్రజాతి, లేదా దాని దగ్గరి చుట్టం. గ్రీకులో మిర్మెక్స్ అంటే చీమ, అరాక్నే అంటే సాలీడు. 1839లో పెట్టిన ఈ పేరును తెలుగులో చీమసాలీడు అనుకుంటే సరిపోతుంది.

రెండో ఫోటోను పెద్దది చేసి, తల దగ్గరున్న ‘మీసాలు’ చూడండి. చీమ మీసానికి మధ్యలో మోచేయిలాంటి మడత ఉంటుంది. ఇక్కడ అది లేదు, వెనక కాళ్ళకు ఎన్ని కణుపులో వీటికీ అన్నే. ఎందుకంటే అవి మీసాలు కావు, ముందు జత కాళ్ళు. నడిచేటప్పుడు ఎనిమిది కాళ్ళూ వాడుతుంది. ఆగిన ప్రతిసారీ ముందు జతను పైకెత్తి ఊపుతుంది. ఆ ఆగడం ఎంత తక్కువసేపంటే మన కళ్ళకు ఎప్పుడూ ఎత్తి పట్టుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక నడుము. సాలీడు ఒంటికి ఉండేవి రెండు భాగాలే, చీమకు మూడు కనిపిస్తాయి. ఇది ఆ లోటు పూడ్చుకోవడానికి ముందు భాగాన్ని మధ్యలో నొక్కినట్టు సన్నగా చేసుకుంది. దాంతో తల వేరు, ఛాతీ వేరు అన్న భ్రమ.

నిజం చెప్పాలంటే, మీ మొదటి ఫోటో ఒక్కటే ఉంటే నేనూ చీమనే అనేవాణ్ణి. దాన్ని పట్టించింది మీరు రాసిన దారం సంగతి. యాప్‌కు ఆ సంగతి తెలియదు కదా పాపం.

తోటపిచ్చి

లెక్కపెట్టాను. ఎనిమిది! మా అబ్బాయి చేత కూడా లెక్కపెట్టించాను, వాడికీ ఎనిమిదే వచ్చాయి. సరే, మరి మూడో ఫోటోలో చచ్చిన చీమ సంగతేంటి? తోటి చీమల్లో కలిసిపోయి వాటినే తింటోందా?

లెన్సుకళ్ళు

అది చచ్చిన చీమ కాదండీ. దాని దవడలే! మూడోది మగది. వాటికి దవడలు ముందుకు సాగి పొడుగ్గా ఉంటాయి, చివర్లు ఉబ్బుగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే చీమ ఇంకో చీమను మోస్తున్నట్టే ఉంటుంది. మగవాళ్ళిద్దరు ఎదురుపడితే ఆ దవడలు బార్లా తెరిచి తలపడతారు. ఈ వేషంలో ఒక చిక్కు కూడా ఉంది. చీమలనే వేటాడే సాలీళ్ళు కొన్ని, నోట్లో బరువున్న చీమనే ఎంచుకుంటాయి, నోరు ఖాళీగా లేనిది కరవలేదని. అలా పాపం ఈ మగది చీమలు తినేవాళ్ళకు దొరికిపోతుంది.

జాతి పేరు మాత్రం అడక్కండి. ఈ ప్రజాతిలో వందకు పైగా జాతులున్నాయి, చాలావాటిని మైక్రోస్కోపు కింద పెడితే గానీ తేల్చలేం. ఫోటో చూసి ఠక్కున జాతి పేరు చెప్పేవాళ్ళను నేను పెద్దగా నమ్మను.

గొంగళి

మందు వద్దు! అది మీ మొక్కకు చేసే హాని ఏమీ లేదు, చిన్న పురుగుల్ని పట్టి తింటుంది. చీమల జోలికి పెద్దగా పోదు, పైగా వాటికి దూరంగా తప్పుకుని తిరుగుతుంది. మనుషులకు ప్రమాదం లేదు, వేళ్ళ మధ్య నలిపితే తప్ప కరవదు.

వేషం ఎందుకంటారా, చీమంటే పక్షులకూ తొండలకూ పెద్దగా గిట్టదు. పుల్లటి ఆమ్లం, కాటు, ఒకదాన్ని ముట్టుకుంటే వంద వస్తాయి. హానిలేని జీవి హానిచేసే జీవిలా కనిపించి బతికిపోవడాన్ని హెన్రీ బేట్స్ 1862లో అమెజాన్ సీతాకోకచిలుకల ద్వారా వివరించాడు. అందుకే ఇలాంటిదాన్ని బేట్స్ అనుకరణ అంటారు. మాటల్లో మాట, ఈ చీమసాలీళ్ళలోనే ఒక జాతి తల్లి పిల్లలకు పాలలాంటి ద్రవం పడుతుందని 2018లో బయటపడింది. సాలీడు పాలు!

ఈసారి ఎదురుగా ఒక ఫోటో తీయండి. హెడ్‌లైట్లలాంటి రెండు పెద్ద కళ్ళు కనిపిస్తాయి. పక్కన స్కేలు పెడితే సైజూ తెలుస్తుంది. గెంతే సాలీడే అయినా మామూలుగా గెంతదు, చీమలు గెంతవు కదా. బెదిరిస్తేనే వేషం మరిచిపోతుంది.

గండుచీమ

ఒప్పుకున్నాను. మా గోడ మీద తిరిగేవాటి కాళ్ళు కూడా లెక్కపెట్టాలి ఇక.

తోటపిచ్చి

మందు డబ్బా లోపల పెట్టేశాను. ఇందాక ఎదురు ఫోటో కోసం ఫోన్ దాని ముక్కు దాకా తీసుకెళ్ళాను. ఠక్కున నా వైపు తిరిగింది. ఆ రెండు కళ్ళూ చూశాను, నల్లటి పూసల్లా ఉన్నాయి. మరుక్షణం గెంతి ఫోన్ మీదికొచ్చింది. ఫోన్ కుండీలో పడింది, అప్పుడే నీళ్ళు పోసిన బురదలో. ఫోటోలో నా బొటనవేలు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.