నాన్నేమో అది స్కూల్ బస్సు కంపెనీ అంటున్నారు: సెకండ్‌హ్యాండ్ మజ్దా కొనొచ్చా?

ఒంగోలు_గిత్త (ఆక్లాండ్)

అందరికీ నమస్తే. ఆక్లాండ్ వచ్చి పద్నాలుగు నెలలైంది, ఇన్నాళ్ళూ బస్సులతో, రూమ్మేట్ కారుతో నెట్టుకొచ్చాను, ఇప్పుడు తెల్లవారుజామున 4 గంటల షిఫ్టు పడింది, ఆ టైముకి బస్సు లేదు, రూమ్మేట్ లేవడు. కాబట్టి కారు తప్పదు. 2015 మజ్దా యాక్సెలా ఒకటి చూశాను. 1.5 లీటర్ పెట్రోల్, ఆటోమేటిక్, ఎర్ర రంగు, 82,000 కిలోమీటర్లు తిరిగింది, 11,500 డాలర్లు చెబుతున్నాడు. జపాన్‌లో వాడి ఇక్కడికి దింపిన బండి. చూడ్డానికి మాత్రం పెళ్ళికూతురిలా ఉంది.

టెస్ట్ డ్రైవ్‌కి కూర్చుని బటన్ నొక్కగానే ఒకావిడ జపనీస్‌లో గట్టిగా ఏదో చెప్పింది. ఇంజిన్లో ఏదైనా లోపం గురించి హెచ్చరికేమో అని టెన్షన్ పట్టుకుంది, అమ్మేవాణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెబితే, "మజ్దానా? అది బస్సు గదరా, నువ్వు ఎల్‌కేజీకి ఎక్కెళ్ళింది అదే" అన్నారు. ఆయన టొయోటా అయితేనే డబ్బు సర్దుతానంటున్నారు. అసలు ఇది ఏ కంపెనీ, కార్లు ఎలా ఉంటాయి, వాడినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మౌంట్‌రాస్కిల్_మావయ్య

ముందు ఆవిడ సంగతి. జపాన్‌లో టోల్ కట్టడానికి కారులో ఒక కార్డు పెట్టుకునే డబ్బా ఉంటుంది, మన ఫాస్టాగ్ లాంటిదే. "ఈటీసీ కార్డు పెట్టలేదు" అని ఆవిడ గుర్తు చేస్తోంది, అంతే. ఈ దేశంలో జపాన్ నుంచి దిగిన బళ్ళలో సగం బళ్ళు పొద్దున్నే ఇదే సుప్రభాతం పాడతాయి. లోపం కాదు.

యాక్సెలా అంటే బయట దేశాల్లో మజ్దా 3. డెమియో అంటే మజ్దా 2, అటెంజా అంటే మజ్దా 6. జపాన్‌లో 2019 దాకా ఈ పేర్లతోనే అమ్మారు. నేను పదకొండేళ్ళలో ఒక డెమియో, రెండు యాక్సెలాలు వాడాను, ఇంకా ఒకటి నడుస్తోంది. నువ్వు చెప్పిన మోడల్లో నాకు నచ్చేది గేర్‌బాక్సు. ఆ సైజు జపాన్ కార్లు చాలావరకు విడివిడి గేర్లు లేని సీవీటీ ఆటోమేటిక్‌కి మారిపోతే వీళ్ళు మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్కే పెట్టారు, కాలు నొక్కితే బండి కదులుతుంది, మిక్సీలా అరవదు. టైమింగ్ బెల్టు కాదు, చైను, కాబట్టి లక్ష కిలోమీటర్లకి బెల్టు మార్చే ఖర్చు లేదు. పెట్రోల్ మామూలు 91 ఆక్టేన్‌ది పోస్తే చాలు.

నీకు తెలియాల్సిన ఇబ్బందులు కూడా చెప్తా. రేడియో జపాన్ బ్యాండుది, 76 దగ్గర మొదలై తొంభైల్లో ఆగిపోతుంది, ఇక్కడి స్టేషన్లు 88 నుంచి 108 దాకా ఉంటాయి, బ్యాండ్ ఎక్స్‌పాండర్ అని చిన్న డబ్బా తగిలించుకోవాలి. స్క్రీన్ మొత్తం జపనీస్. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే ఐ-స్టాప్ ఉంటుంది, దానికి మామూలు బ్యాటరీ సరిపోదు, క్యూ-85 అని రాసి ఉన్నది కావాలి, అది ఖరీదు ఎక్కువ. బోనెట్ ఎత్తి బ్యాటరీ ఎప్పటిదో చూసుకో. కొందరు అమ్మేముందు చవకది పెట్టి తోస్తారు.

అన్నిటికంటే ముందు ఆక్షన్ షీటు అడుగు. జపాన్ వేలంలో ప్రతి బండికీ ఒక కాగితం రాస్తారు. గ్రేడు 4 గానీ 4.5 గానీ ఉంటే నిశ్చింత. ఆర్ అని ఉంటే యాక్సిడెంట్ అయి బాగుచేసిన బండి. కింద కారు బొమ్మ మీద ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే సాపు చేసిన చోటు, రెండు ఎక్స్‌లు ఉంటే ఆ ప్యానెలే మార్చారని. షీటు లేదన్నాడంటే బండిని వదిలెయ్, ఎర్ర రంగు ఇంకోటి దొరుకుతుంది.

జహీరాబాద్_పోరడు

నాన్నగారు తప్పేం చెప్పలేదు. 80ల్లో మన దేశానికి నాలుగు జపాన్ కంపెనీలు చిన్న లారీలతో దిగాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఇంకా మా ఊరి అల్విన్ నిస్సాన్. అవును, ఫ్రిజ్‌లు చేసిన ఆ హైదరాబాద్ అల్విన్ వాళ్ళే, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. మా పెదనాన్న అందులో ఫిట్టర్, నిస్సాన్ బొమ్మ ఉన్న కీచైను ఇప్పటికీ ఇంటి తాళాలకి ఉంది. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది.

స్వరాజ్ మజ్దాది పంజాబ్‌లో రోపర్ దగ్గర ఫ్యాక్టరీ. స్వరాజ్ ట్రాక్టర్ల కంపెనీ, మజ్దా, జపాన్‌దే సుమిటోమో అనే వ్యాపార సంస్థ కలిసి పెట్టింది. మజ్దా పక్కకు తప్పుకున్నాక ఇసుజు వచ్చి 2011లో ఎస్‌ఎంఎల్ ఇసుజు అయింది, 2025లో దాన్నీ మహీంద్రాయే కొన్నది. అంటే మా ఊరి నిస్సానూ మీ స్కూల్ బస్సూ ఒకే ఇంటికి కోడళ్ళు. మజ్దా తన కార్లని మాత్రం ఇండియాలో ఎన్నడూ అమ్మలేదు, అందుకే మనకి ఆ పేరు వింటే పసుపుపచ్చ బస్సు, డ్రైవర్ పక్కన బానెట్ మీద కూర్చుంటే కింద కాలే వేడి, అవే గుర్తొస్తాయి.

హిరోషిమా_రిటర్న్

ఈ కంపెనీ ఊళ్ళో రెండేళ్ళు ఉన్నాను, ప్రాజెక్టు పని మీద, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

1920లో హిరోషిమాలో మొదలైనప్పుడు వీళ్ళు చేసింది కార్లు కాదు, బెండ్లు. అదేనండీ, సీసా మూతల కార్క్. టోయో కార్క్ కోగ్యో అని పేరు. మరుసటేడు జుజిరో మత్సుదా అనే ఆయన పగ్గాలు తీసుకున్నాడు. 1925లో ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది, దాంతో బెండ్ల నుంచి యంత్రాల వైపు మళ్ళి, పేరులో కార్క్ తీసేసి, 1931లో మజ్దా-గో అని మూడు చక్రాల బండి చేశారు. ముందు సగం మోటార్‌సైకిల్, వెనక సగం ట్రాలీ. మ్యూజియంలో దాన్ని చూసిన మొదటి క్షణం నాకు బెజవాడ కూరగాయల మార్కెట్ ముందు నిలబడ్డట్టు అనిపించింది. పేరు పార్సీల దేవుడు అహుర మజ్దా నుంచి తీసుకున్నామంటారు, ఓనరు ఇంటిపేరుకి దగ్గరగా ఉండటమూ కలిసొచ్చింది. జపాన్‌లో ఇప్పటికీ కంపెనీ పేరు మత్సుదా అనే రాస్తారు, అలాగే పలుకుతారు. నేను మొదట్లో "మజ్దా ఆఫీసు ఎక్కడ" అంటే టాక్సీ ఆయన అయోమయంగా చూశాడు.

1945 ఆగస్టు 6న బాంబు పడింది. ఆ రోజు జుజిరో మత్సుదా 70వ పుట్టినరోజు. ఫ్యాక్టరీ ఊరికి తూర్పున ఫుచూలో, బాంబు పడిన చోటికి సుమారు 5 కిలోమీటర్లు, మధ్యలో హిజియామా అని ఒక గుట్ట అడ్డం. ఆ గుట్ట ఎక్కి చూశాను, గుట్ట అంటే మన మంగళగిరి కొండంత కూడా కాదు, పార్కులా ఉంటుంది, పిల్లలు ఆడుకుంటున్నారు. దాని చాటున ఉన్నందుకు ఫ్యాక్టరీ నిలబడింది. గాయపడ్డవాళ్ళకి అక్కడే వైద్యం చేశారు, ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వానికి ఆఫీసు లేకపోతే దాదాపు ఏడాది పాటు ఈ కంపెనీ భవనంలోనే నడిచింది. ఆ డిసెంబరుకల్లా మళ్ళీ మూడు చక్రాల బళ్ళు బయటికి రావడం మొదలైంది. బూడిదైన ఊళ్ళో సరుకు మోసినవి అవే. ఆ ఊరివాళ్ళకి మజ్దా మీద ఎందుకంత ఇదో అర్థం కావాలంటే ఇది తెలియాలి. వాళ్ళ బేస్‌బాల్ టీమ్ హిరోషిమా టోయో కార్ప్, ఆ టోయో అనేది ఈ కంపెనీ పాత పేరు ముక్కే. మ్యాచ్ రోజున ట్రామ్ మొత్తం ఎర్ర చొక్కాలే.

కార్లు చాలా ఆలస్యంగా, 1960లో ఆర్360తో మొదలుపెట్టారు. ఆ వెంటనే రోటరీ ఇంజిన్ పిచ్చి పట్టింది.

మౌంట్‌రాస్కిల్_మావయ్య

చరిత్ర బాగుంది సార్, చదువుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది, కానీ కుర్రాడు కొనేది 2015 బండి, 1945ది కాదు. గుట్ట కాపాడిందని గేర్‌బాక్సు కాపాడదు కదా. తమ్ముడూ, షీటు అడిగావా?

రోటరీ_రంగడు (మెల్‌బోర్న్)

రోటరీ అన్నారు కాబట్టి ఆగలేకపోతున్నాను. నా దగ్గర 2004 ఆర్ఎక్స్-8 ఉంది, మజ్దా వాళ్ళ రోటరీ కారు. మా ఆవిడ దృష్టిలో అది నా మొదటి భార్య.

మామూలు ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి. ఇందులో పిస్టన్ లేదు, వేరుశనక్కాయ ఆకారం గదిలో మూడు మూలల రోటర్ గిర్రున తిరుగుతుంది. జర్మనీ ఎన్‌ఎస్‌యూ కంపెనీతో 1961లో ఒప్పందం చేసుకుని తెచ్చుకున్నారు, తీరా చూస్తే రోటర్ మూలల్లో ఉండే సీళ్ళు గది గోడలని గీకేస్తున్నాయి. ఆ గీతలకి వాళ్ళు పెట్టుకున్న పేరు దెయ్యం గోళ్ళు. కెనిచి యమమోతో అనే ఇంజినీరు కింద 47 మంది కూర్చుని, కార్బన్‌కి అల్యూమినియం కలిపిన సీళ్ళతో ఆ పీడ వదిలించారు. 1967లో కాస్మో స్పోర్ట్ వచ్చింది. అదే యమమోతో తర్వాత కంపెనీ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. లైసెన్సు చాలా కంపెనీలు కొన్నాయి, చివరిదాకా దాన్ని పట్టుకుని వేలాడింది మాత్రం వీళ్ళే. 1973లో చమురు ధరలు పెరిగితే పెట్రోల్ తాగే ఈ ఇంజిన్ కంపెనీని నిండా ముంచింది, సుమిటోమో బ్యాంకు ఆదుకుంది, 1979లో ఫోర్డ్ పావు వంతు దాకా వాటా కొన్నది. అయినా మానలేదు. 1991 లె మాన్స్ 24 గంటల రేసు రోటరీ పెట్టిన 787బీతో గెలిచారు, జపాన్ కంపెనీల్లో అదే మొదటిసారి. టొయోటాకి ఆ గెలుపు 2018 దాకా దక్కలేదు, ఈ మాట మీ నాన్నగారికి చెప్పు.

నా బండి సంగతి. ఈ ఇంజిన్ కావాలనే కొంచెం ఆయిల్ కాలుస్తుంది, సీళ్ళకి తడి తగలాలని అలా డిజైన్ చేశారు, కాబట్టి పెట్రోల్ రెండుసార్లు కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూస్తాను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఆపకూడదు, లోపల పెట్రోల్ నిలిచిపోతుంది. మాన్యువల్లో ఉంది, చదివాను కూడా. అయినా ఒకరోజు చెత్తబుట్ట బయట పెట్టాలని కారు రెండడుగులు వెనక్కి తీసి ఆపేశాను. సాయంత్రం ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. ఎదురింటి ముసలాయన వచ్చి నోరెత్తకుండా స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆరబెట్టి, బిగించి వెళ్ళాడు. ఆయన దగ్గర ఒకప్పుడు ఆర్ఎక్స్-7 ఉండేదట.

నీ యాక్సెలాలో ఈ గొడవలేమీ లేవు, అది మామూలు ఇంజిన్.

డాలస్_అత్తయ్య

మాది 2019 సీఎక్స్-5, 78,000 మైళ్ళు అయింది. ఇక్కడ మనవాళ్ళ పార్కింగ్ లాట్ చూస్తే క్యామ్రీ, అకార్డ్, ఒడిస్సీ, మళ్ళీ క్యామ్రీ. సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి బయటికొస్తే మన కారేదో తెలియదు. మాది మాత్రం ఎర్రది, దూరం నుంచే కనిపిస్తుంది. ఆ ఎరుపుకి అప్పుడు విడిగా డబ్బులు తీసుకున్నారు, నేను ఇచ్చాను, బాధ లేదు.

ఆయిల్, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఒకసారి బ్యాటరీ. ఇంతే ఖర్చు. కారు నడుస్తున్నప్పుడు స్క్రీన్‌ని వేలితో కాకుండా సీట్ల మధ్య గుండ్రటి నాబ్‌తో తిప్పాలి, మా వారు నెల రోజులు సణిగారు, ఇప్పుడు వేరే కారులో కూర్చున్నా చెయ్యి అక్కడికే పోతుంది. వెనక సీటు గురించి మాత్రం ముందే చూసుకోండి. మా మామగారు ఆరడుగులు, ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆయన ముందు కూర్చుంటే నేను వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. యాక్సెలా దీనికంటే చిన్నది కదా. ఒక్కడివే షిఫ్టుకి వెళ్ళడానికైతే దివ్యంగా ఉంటుంది, రేపు అమ్మానాన్నలు వస్తారు, ఇద్దరు పిల్లలు అనుకుంటే ఆలోచించుకో నాయనా.

ఒంగోలు_గిత్త (ఆక్లాండ్)

అందరికీ థాంక్స్. ఆక్షన్ షీటు అడిగాను. మొదట "దొరకదు" అన్నాడు, రెండోసారి "పోర్టులో పోయింది" అన్నాడు, మూడోసారి వాట్సాప్‌లో పంపాడు, గ్రేడు దగ్గర ఆర్, ఎడమ పక్క రెండు తలుపుల మీదా రెండేసి ఎక్స్‌లు. పెళ్ళికూతురు మేకప్ అది. వదిలేశాను.

వారం తిరిగి ఇంకో చోట నీలం రంగుది పట్టాను, అదే 1.5, 2016 మోడల్, 91,000 కిలోమీటర్లు, షీటు మీద 4, రెండు చిన్న గీతలు. ఏఏ (ఇక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్) వాళ్ళతో చెకింగ్ చేయించాను, బ్యాటరీ మీద క్యూ-85 అని ఉంది. 10,900కి ఇచ్చాడు. నాన్నకి లె మాన్స్ సంగతి చెప్పాను, "రేసుకి వెళ్తున్నావా, షిఫ్టుకి వెళ్తున్నావా" అన్నారు. కానీ హిరోషిమా గుట్ట గురించి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత డబ్బు పంపారు.

నిన్న అమ్మ వీడియో కాల్లో ఉండగా స్టార్ట్ చేశాను. "ఎవర్రా ఆ అమ్మాయి" అంది. ఎంత చెప్పినా నమ్మట్లేదు. ఆవిణ్ణి ఆపడం ఎలా?

మౌంట్‌రాస్కిల్_మావయ్య

స్టీరింగ్ కింద కుడివైపు గానీ, గ్లవ్ బాక్సులో గానీ అగ్గిపెట్టెకి రెండింతలు ఉండే డబ్బా కనిపిస్తుంది. దాని వెనక వైరు పీకెయ్. శనివారం ఇటు వస్తే రేడియోకి బ్యాండ్ ఎక్స్‌పాండర్ కూడా బిగించిపెడతాను, నా దగ్గర పాతదొకటి పడి ఉంది.