పరాగ్వే పాత కాగితాలు ఎక్కడ చూడాలి?

మూడోఅరలో: పరాగ్వే నియంత స్ట్రొయెస్నర్ కాలం (1954–89) మీద ఒక పెద్ద వ్యాసం మొదలుపెట్టాను. ఏం తిరగేసినా రాజధాని అసున్సియోన్‌లోని ‘టెర్రర్ ఆర్కైవ్’ గురించే ఉంది. అందులో అసలేముంది? ఇంకా పాత రాజకీయాల కాగితాలు ఎక్కడున్నాయి? స్పానిష్ నెమ్మదిగా చదవగలను, అంతదూరం వెళ్లే స్తోమత మాత్రం లేదు.

దుమ్ముదులిపి: ముందు అది ఎలా బయటపడిందో చదవండి, మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మార్తిన్ అల్మాదా అని ఒక బడిపంతులు, 1974లో పోలీసులు పట్టుకెళ్లారు. ఆయన్ని హింసిస్తూ ఆ అరుపులు ఫోన్‌లో భార్యకు వినిపించారు, ఆయన లోపలుండగానే ఆవిడ చనిపోయింది. 1992లో వచ్చిన కొత్త రాజ్యాంగం తన గురించి ప్రభుత్వం దగ్గరున్న రికార్డు చూసే హక్కు ఇచ్చింది (‘హబెయస్ డేటా’ అంటారు). దాని కిందే ఆయన కోర్టుకెళ్లాడు. ఆ డిసెంబరు 22న ఒక జడ్జితో కలిసి రాజధాని పక్కనున్న లంబారేలో పోలీసు ఆఫీసు తలుపు తీయిస్తే కాగితాలు గుట్టలుగా కనబడ్డాయి. అరెస్టు చీటీలు, ఖైదీల ఫోటోలు, వాంగ్మూలాలు, నిఘా రిపోర్టులు. 1975లో చిలీ రహస్య పోలీసు అధిపతి కాంట్రెరాస్ శాంటియాగో సమావేశానికి రమ్మని రాసిన ఉత్తరం కూడా వాటిలోనే దొరికింది, ఆపరేషన్ కాండోర్‌కి (దక్షిణ అమెరికా సైనిక ప్రభుత్వాలు కలిసి తమ ప్రత్యర్థుల్ని వేటాడిన రహస్య పథకం) పునాది పడింది ఆ సమావేశంలోనే. నాకైతే మొత్తం ఆర్కైవ్‌లో ఆ ఒక్క కాగితం చాలు. ఇప్పుడవన్నీ అసున్సియోన్ న్యాయస్థానం భవనంలో ఉన్నాయి. 2009లో యునెస్కో తన ‘మెమరీ ఆఫ్ ద వరల్డ్’ జాబితాలో చేర్చింది.

పక్కనోట్: ఒక్క మాట అండీ. అది పోలీసులు రాసుకున్న కాగితం. వాంగ్మూలం కింద సంతకం ఉందంటే మనిషి అక్కడ ఉన్నాడని తెలుస్తుంది, చెప్పింది నిజమని కాదు, ఏం చేస్తే ఆ సంతకం వచ్చిందో మీకు తెలిసిందే. నిఘా రిపోర్టులూ అంతే. అక్కడి గ్వారానీ భాషలో ఇన్ఫార్మర్‌ని ‘పిరగ్వే’ అంటారు, పాదాలకు వెంట్రుకలున్నవాడు, అంటే అడుగు చప్పుడు వినబడనివాడు అని. వాడు మోసుకొచ్చిన పుకారుని చరిత్ర అని రాసేస్తే మీరూ వాడి పనే చేసినట్టు. అందుకే ఆ కాలపు అకృత్యాల మీద విచారించిన సత్య న్యాయ కమిషన్ 2008 నివేదిక పక్కన పెట్టుకుని చదవండి, అందులో బాధితుల మాట కూడా ఉంటుంది.

దుమ్ముదులిపి: కరెక్ట్. నేనూ మొదట్లో అదే తప్పు చేశాను.

కాటలాగు: పాతవాటికి అసున్సియోన్ జాతీయ ఆర్కైవ్ ఒక్కటే సరిపోదు. పరాగ్వే మీద పొరుగుదేశాలు కలిసి చేసిన 1864–70 యుద్ధంలో బ్రెజిల్ బోలెడు కాగితాలు పట్టుకుపోయింది, రియో జాతీయ గ్రంథాలయంలో ‘రియో బ్రాంకో సేకరణ’ పేరుతో ఉండేవి, ఎప్పటికో తిరిగిచ్చారు. ఇక రెండుసార్లు అధ్యక్షుడైన మనుయెల్ గోంద్రా సొంతంగా కూడబెట్టిన పుస్తకాలు, రాతప్రతులు అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం బెన్సన్ లైబ్రరీలో ఉన్నాయి. వాళ్ల జాబితా చూసి, కావలసిన కాగితానికి స్కాన్ దొరుకుతుందేమో మెయిల్‌లో అడగండి. జాబితా చదవకుండా ‘పరాగ్వే గురించి ఏమున్నాయి’ అని మాత్రం రాయొద్దు, నాకు పాపం ఓపిగ్గా ఆ జాబితానే తిరిగి పంపారు.

మూడోఅరలో: గోంద్రా పేరే వినలేదు, థ్యాంక్స్ అండీ. కాంట్రెరాస్ ఉత్తరం స్కాన్ ఎక్కడైనా ఉందా?

దుమ్ముదులిపి: వాషింగ్టన్‌లోని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ సైట్‌లో కాండోర్ పత్రాలు వెతకండి. 1975 అక్టోబరు తేదీ చూసుకోండి.